ఖదీర్ సార్ కలాయి

షటిల్ ఆడే ఈకల కాక్‌ల డబ్బా మూత తీయగానే ఒక వాసన వస్తుంది. బాతు ఈకలు, జిగురు, కార్కు, లోపల ఎన్నాళ్లుగానో మూసి ఉన్న గాలి, అన్నీ కలిసిన వాసన. జగిత్యాలలో మా ఆఫీసుకు దగ్గర్లో కొత్తగా కట్టిన ఇండోర్ కోర్టుకు నేను పొద్దున్నే పోతుంటాను. రేకుల కప్పు, పచ్చటి మ్యాటు, పట్టపగల్లాంటి లైట్లు, ఆట అయిపోగానే చల్లటి నీళ్లు. అక్కడ ఎవరో ఒకరు రోజూ కొత్త డబ్బా విప్పుతారు. అది నా చేతికి దొరికితే ముక్కు దగ్గర పెట్టుకోకుండా ఉండలేను. పక్క కోర్టు పిల్లలు చూసి నవ్వుతారు. నవ్వుకోనీ, వాళ్లకేం తెలుసు. మా చిన్నప్పుడు కోరుట్లలో ఈకల కాక్ అంటే పండగ పూట బెల్లం పాశం లాంటిది, ఎప్పుడో ఒకసారి కంటపడేది. మిగతా రోజులన్నీ ప్లాస్టిక్ కాకే, అది కూడా అంచులు విరిగి, గాలికి ఎటు పడితే అటు కొట్టుకుపోయేది.

మా గల్లీకి కాలానికొక వాసన ఉండేది. వానాకాలమంతా నానబెట్టిన తునికాకు వాసన, ఎందుకంటే ప్రతి గడపలో ఒక చాట, చాటలో ఆకూ తంబాకూ, దాని ముందు ముడుచుకు కూర్చుని బీడీలు చుట్టే మా అమ్మలూ ఉండేవాళ్లు. శివరాత్రికి ముందూ వెనకా ఊరి చుట్టూ పసుపు ఉడకబెడుతుంటే ఆ ఆవిరి ఇళ్లలోకి వచ్చి, ఉతికి ఆరేసిన బట్టలకు కూడా పట్టేది. బడిలో పక్కన కూర్చున్న పిల్ల చున్నీ వాసన చూసి వాళ్ల పసుపు ఎంతవరకు వచ్చిందో చెప్పేవాళ్లం. ఆటలకూ అట్లాగే కాలాలుండేవి. గోటీలు, చిర్రగోనె, తొక్కుడుబిళ్ల, ఎవరూ చాటింపు వేయకుండానే ఒక రోజు మొదలయ్యేవి, ఒక రోజు ఆగిపోయేవి. షటిల్ ఒక్కటే ఏడాది పొడుగునా ఆడే ఆట మాకు, దానికి కారణం ఖదీర్ సార్.

ఖదీర్ సార్ మా సర్కారు బడిలో ఆటల సారు. సన్నగా, పొడుగ్గా, చేతులు ఇంకా పొడుగ్గా ఉండేవాడు. శుక్రవారం అత్తరు, మిగతా రోజులు చెమట. ఊరు సిరిసిల్ల. వాళ్ల అమ్మ అక్కడే, మరమగ్గాల నడుమ ఇంట్లో ఉండేది. పుట్టినప్పటి నుంచి మగ్గాల చప్పుడులో పడుకున్నవాడు కాబట్టి కోరుట్లలో మొదటి ఏడాది సరిగ్గా నిద్రే పట్టలేదని, చప్పుడు కోసం ఫ్యాను రెక్కకు అట్టముక్క కట్టుకున్నానని ఆయనే చెప్పేవాడు. నిజమో, మమ్మల్ని నవ్వించడానికో తెలియదు. బడి వెనక తుమ్మ చెట్లు కొట్టించి, నేల చదును చేయించి, రెండు ఇనుప పైపులు పాతించి కోర్టు తయారుచేశాడు. పొద్దున బడి గంటకు ముందు ఆడపిల్లలం, సాయంత్రం మగపిల్లలు. ఆడపిల్లలకు పొద్దునెందుకంటే, సాయంత్రమైతే మమ్మల్ని బీడీల ముందు కూర్చోబెడతారని ఆయనకు తెలుసు.

మొదటి రోజు నా చేతిలో బ్యాటు చూసి ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నేను రొట్టెల పెనం పట్టినట్టు పట్టుకుని, పైనుంచి వచ్చిన కాక్‌ను చదునుగా టప్పున కొట్టాను. అది వల దాకా కూడా పోలేదు. దోమల బ్యాటుతో దోమలు కొట్టుడు నేర్చుకున్నవు, ఇది షటిల్ బిడ్డా, అన్నాడు. నా దోస్తు లత పడిపడి నవ్వింది. తర్వాత దాని వంతు వచ్చింది, అదీ దోమనే కొట్టింది.

ఆయన చెప్పిన పద్ధతి నాకిప్పటికీ నోటికి వచ్చు. బ్యాటును గొడ్డలి పట్టినట్టు అంచు ముందుకు పెట్టి పట్టాలి. పిడికిలి వదులుగా ఉండాలి, చిలకను పట్టుకున్నట్టు. పక్కకు తిరిగి నిలబడాలి, ఎడమ చేయి పైకెత్తి కాక్‌ను చూపించాలి. బ్యాటు వీపు వెనక్కి జారాలి, అరచేయి చెవి వైపు తిరిగి ఉండాలి. మోచేయి ముందు లేవాలి. బ్యాటు అంచుతోనే పైకి పోవాలి, కాక్‌ను రెండు ముక్కలుగా నరకబోతున్నట్టు. తగలబోయే ఆ రెప్పపాటులో మాత్రం ముంజేయి లోపలికి గిర్రున తిరగాలి, బ్యాటు ముఖం తెరుచుకోవాలి, పిడికిలి బిగుసుకోవాలి. అంతే, మళ్లీ వదులు. భుజం బలం కాదు, చేయి ఊపుడు కాదు, మణికట్టు ముందుకు వంచుడు అసలే కాదు. బలమంతా ఆ తిప్పుడులో ఉంది. ఇంత చెప్పి ఆయన ఒకటి కొట్టి చూపించేవాడు. కాక్ అవతలి గీత దగ్గర నేలకు తగిలిన తర్వాత మాకు చప్పుడు వినపడ్డట్టు అనిపించేది. ఆ కొట్టుడులో కష్టమేమీ కనపడదు, ఆయన జేబులోంచి దస్తీ తీసినంత సులువుగా కొట్టేవాడు.

చెప్పడం వరకు బాగానే ఉంది, నాకు మాత్రం రాలేదు. వారాల తరబడి రాలేదు. ఆయన ప్రతిసారీ తన ముంజేతిని ఎడమ చేత్తో పట్టుకుని చూపిస్తూ "కలాయి తిప్పు, కలాయి" అనేవాడు. ఉర్దూలో కలాయి అంటే ముంజేయి, మణికట్టు ఆ భాగమంతా. నాకు ఆ ముక్క తెలియదు. మా ఇంట్లో కలాయి అంటే గిన్నెలకు పూసే కలాయి ఒక్కటే. మా నాయినమ్మ తన ఇత్తడి గిన్నెలు పారేయనివ్వలేదు, స్టీలు గిన్నెల్లో పప్పుకు రుచే ఉండదని ఆమె పంతం. అందుకని ఏడాదికి ఒకసారి కలాయి తాత మా వాకిట్లో గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, గిన్నెను ఎర్రగా కాల్చి, నవసాగరం చల్లి, తెల్లటి ఘాటు పొగ లేస్తుండగా తగరం ముక్క తాకించి, దూదితో లోపలంతా పూసేవాడు. ఆ పొగకు కళ్లు మండుతున్నా నేను కదిలేదాన్ని కాదు. ఆయన మోచేయి మోకాలి మీద ఆనించి ఉండేది, కదిలేది కాదు. కింది చేయి మాత్రం ఇటు గిర్రున, అటు గిర్రున తిరిగేది, నల్లటి గిన్నె వెండిలా అయిపోయేది.

అందుకని సార్ కలాయి తిప్పు అన్నప్పుడల్లా, ఈయన గిన్నెలకు పూసినట్టు తిప్పమంటున్నాడనే నేను అనుకున్నాను. షటిల్‌కూ గిన్నెలకూ ఏం సంబంధమో అడగడానికి భయం. ఒక రోజు విసుగొచ్చి, సరే ఆయన అన్నట్టే చేద్దామని, మోచేయి పైన నిలబెట్టి, ఆకాశంలో ఒక గిన్నె బోర్లించి ఉందనుకుని, దాని లోపల దూది తిప్పినట్టు ముంజేతిని తిప్పాను. ఠాప్‌మని చప్పుడైంది. కాక్ వల దాటి, లత కాళ్ల దగ్గర పడింది. లత కదల్లేదు. సార్ నా దగ్గరికి వచ్చి ఏం చేసినవు, మళ్లా చెయ్యి అన్నాడు. మళ్లీ చేశాను. ఎట్ల సమజైంది నీకు అని అడిగితే నాయినమ్మ గిన్నె సంగతి చెప్పాను. ఆయన నేల మీద కూర్చుండిపోయి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత మా బడిలో షటిల్ నేర్చుకున్న ప్రతి పిల్లకూ ఆయన ముందుగా గాలిలో గిన్నెకు కలాయి పూయించాడు. చూసేవాళ్లకు మేం పిచ్చివాళ్లలా కనపడేవాళ్లం.

ఆ ఏడు వానలు వెనకపడుతుండగా తెలంగాణ ఉద్యమం మా ఊరి నిండా వచ్చింది. అంతకుముందూ ఉంది గానీ, ఈసారి ఇంట్లోకే వచ్చింది. బాపు బస్సు కండక్టరు. సమ్మె మొదలవగానే ఖాకీ చొక్కా విప్పి మేకుకు తగిలించాడు, అది అక్కడే దుమ్ము పట్టింది. బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, కరెంటు ఉంటే ఉంది లేకపోతే లేదు. పెద్దవాళ్లు అన్నిటినీ తెలంగాణ వచ్చిన తర్వాతకు వాయిదా వేశారు. ఇంటి ముందు మోరీ తెలంగాణ వచ్చినంక, నా కొత్త బ్యాటు తెలంగాణ వచ్చినంక. నాయినమ్మను పళ్లు కట్టించుకోవే అంటే, తెలంగాణ అచ్చినంకనే కట్టించుకుంట, అప్పుడైతే నవ్వుడు పనికత్తది, అనేది. మాకు పిల్లలకు దుఃఖమేమీ లేదు, అబద్ధమెందుకు. బడి లేదు. ఊరంతా రోడ్డు మీద ఉంది. డప్పులు, పాటలు, పొయ్యిలు, బగారన్నం పొగలు, బస్తాల కొద్దీ ఉల్లిగడ్డలు కోసే ఆడవాళ్లు, జగిత్యాల పోయే రోడ్డుకు అడ్డంగా బంతి భోజనాలు. బతుకమ్మ రోజులు కూడా అప్పుడే వచ్చాయి. గునుగు పూలకు రంగులద్దిన చేతులతోనే నినాదాలకు పిడికిళ్లు లేచేవి.

బడి గేటుకు తాళం పడేసరికి మా కోర్టు లోపల ఉండిపోయింది. అప్పుడు సార్‌కే తట్టింది, గింత పెద్ద రోడ్డు ఖాళీగున్నది, గిక్కడ ఆడితే ఏమైతదని. రాస్తారోకోలో మగపిల్లలు కబడ్డీ ఆడుతున్నారు కదా, మేం షటిల్ ఆడితే తప్పేముంది. ఆ రోడ్డు లాంటి కోర్టు నేను అంతకు ముందు చూడలేదు. నున్నటి తారు, గుంతలు లేవు, తుమ్మ ముళ్లు లేవు. లత ముగ్గుపిండితో గీతలు వేసింది. వల ఒక కొస కరెంటు స్తంభానికి, రెండో కొస అక్కడే ఆగిపోయిన మక్కజొన్నల లారీ కొక్కేనికి. ఆ లారీ డ్రైవరు ఎక్కడి నుంచో వచ్చినవాడు, పొద్దుటి నుంచి మా బంతిలోనే తింటున్నాడు, మలీద ముద్దలు బాగున్నాయని మా అమ్మను మళ్లీ మళ్లీ అడిగి పెట్టించుకున్నాడు. సార్ ఆ రోజు ఎక్కడ దాచాడో గానీ కొత్త ఈకల కాక్ డబ్బా తెచ్చాడు.

ఊరంతా చుట్టూ కూర్చుంది. బాపు నా ఆట ఎప్పుడూ చూడలేదు, ఎప్పుడూ డ్యూటీయే. ఆ రోజు పొయ్యి పక్కన గరిటె పట్టుకుని నిలబడి చూశాడు. నేను పక్కకు తిరిగి, ఎడమ చేయి ఎత్తి, మోచేయి లేపి, అంచుతో పోయి, చివర్న తిప్పాను. అంత చప్పుడు నా బ్యాటులోంచి వస్తుందని నాకే తెలియదు. జనం జై తెలంగాణ అని అరిచారు. అప్పట్లో దేనికైనా అదే అరిచేవాళ్లు లెండి. బాపు మాత్రం గరిటె పక్కన పెట్టి రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. నా చిన్నతనంలో అంతకంటే మంచి రోజు లేదు. ఉంటే గుర్తు లేదు.

మెట్‌పల్లి వైపు నుంచి అంబులెన్సు కూత వినిపించింది. అంబులెన్సుకు దారి ఇవ్వాలని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. గిన్నెలు పక్కకు లాగారు, పిల్లల్ని ఎత్తుకున్నారు, నిమిషంలో సగం రోడ్డు ఖాళీ అయింది. వల మాత్రం అడ్డంగా ఉంది. సార్ లారీ వైపు పరిగెత్తాడు. ముడి బిగుసుకుపోయి ఊడిరాలేదు. తాడును వదులు చేద్దామని కుడి ముంజేతికి రెండు మెలికలు తిప్పుకుని గుంజుతున్నాడు. ఆ లారీ డ్రైవరు తన లారీ అడ్డమైందనుకున్నాడు పాపం. అవతలి తలుపు నుంచి ఎక్కి, బండి స్టార్ట్ చేసి, పక్కకు తీశాడు. తాడు సార్‌ను లాక్కుపోయింది. ఆయన తారు మీద బోర్లా పడ్డాడు, చేయి మాత్రం పైన ఉంది, తాడులో. అందరూ అరిస్తే డ్రైవరు ఆపాడు. అంతా అంతలోనే అయిపోయింది.

అంబులెన్సు మా పక్క నుంచే పోయింది. అందులో కాన్పుకు పోతున్న ఒకామె ఉంది, ఆపమనలేకపోయాం. ఆమెకు కొడుకు పుట్టాడని, తల్లీబిడ్డా బాగున్నారని మూడో రోజు ఎవరో చెప్పారు. ఆ డ్రైవరు సార్ పక్కన రోడ్డు మీద కూర్చుని తలకు చేతులు పెట్టుకుని ఏడ్చాడు. సార్ అంత నొప్పిలోనూ, నువ్వు మంచికే తీసినవు తమ్మీ, అన్నాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఆ వయసులో అర్థం కాలేదు. ఈ వయసులో కూడా అర్థం కాలేదు.

విరిగిన చేయితో జగిత్యాల పోదామంటే ఊరూరా రోడ్డుకు అడ్డం. మా ఊళ్లో మేం అడ్డం, అవతలి ఊళ్లో వాళ్లు అడ్డం. పోయినా ఎముకల డాక్టరు దొరుకుతాడో లేదో తెలియదు. ఈలోగా సార్ వాళ్ల అమ్మ ఫోన్ చేసి ఒకటే మాట, నా కొడుకును నా దగ్గరికి తీస్కరాండ్రి. ఎల్లారెడ్డిపేట దిక్కు ఒక పెద్దమనిషి విరిగిన బొక్కలకు కట్టు కడతాడట, ఒకసారి బాయి కాడ జారిపడితే ఆమె చేయి ఆయనే కట్టాడట, ఇప్పటికీ ఆ చేత్తోనే పది మందికి రొట్టెలు చేస్తుందట. సార్ బావ బైకు మీద వచ్చి, లోపలి దారుల వెంట తీసుకుపోయాడు. తల్లి మాట కాదనడానికి మేమెవరం. సార్ చేతికి నాయినమ్మ చీర కొంగు చింపి కట్టిన పట్టీ ఉంది, అది చూస్తూ బైకు కనపడకుండా పోయేదాకా నిలబడ్డాం.

దసరా పోయింది. సమ్మె ఆగిపోయింది, తెలంగాణ రాలేదు. బాపు చొక్కా దులిపి తొడుక్కున్నాడు. బడి తెరిచి, పోయిన పాఠాలన్నీ ఆదివారాలు కూడా చెప్పి మా ప్రాణం తీశారు. పసుపు ఉడకబెట్టే రోజులకు కొంచెం ముందు ఖదీర్ సార్ వచ్చాడు. చేయి తిన్నగానే ఉంది. కట్టు మచ్చ కూడా లేదు. మేం సంబరపడిపోయాం, లత ఉరికిపోయి బ్యాటు తెచ్చి ఇచ్చింది. నేను కాక్ ఎత్తుగా వేశాను, స్మాషు కోసం. ఆయన పక్కకు తిరిగాడు, ఎడమ చేయి ఎత్తాడు, మోచేయి లేచింది, బ్యాటు అంచుతో పైకి పోయింది. అంచుతోనే తగిలింది. కాక్ రెండు ఈకలు తెగి ఆయన ముందే పడింది. ఇంకోటి వెయ్యి అన్నాడు. అదీ అంతే. మోచేయి వంగుతోంది, మణికట్టు వంగుతోంది, వేళ్లు ఆడుతున్నాయి. ముంజేయి మాత్రం తిరగడం లేదు. బొటనవేలు పైకి ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది, ఇటు పోదు, అటు పోదు.

ఆయన బ్యాటు వంక చూసుకుని, పిడిని చేతిలో తిప్పుకుని, రొట్టెల పెనం పట్టినట్టు పట్టుకున్నాడు. అట్లా అయితే ముఖం చదునుగా వస్తుంది మరి. టప్పున కొట్టాడు. కాక్ వల దాటింది, మెల్లగా, పడుతూ లేస్తూ. ఎవరం నవ్వలేదు. అప్పటిదాకా ఆయన దోమల బ్యాటు అని మమ్మల్ని ఎంత ఎక్కిరించాడో మాకందరికీ గుర్తుంది, ఆయనకూ గుర్తుంది. లత వెనక్కి తిరిగి చెప్పు బెల్టు సరిచేసుకోవడం మొదలుపెట్టింది, ఎంతసేపైనా ఆ బెల్టు సరికాలేదు.

తర్వాతి నెలల్లో మేం చేయని పని లేదు. నాయినమ్మ నువ్వుల నూనెలో ఏవో ఆకులు కాచి సీసాలో పోసి పంపింది. లత వాళ్ల అమ్మ దర్గాలో చక్కెర పంచింది, మా అమ్మ గుళ్లో కొబ్బరికాయ కొట్టింది. సార్ వేడినీళ్లలో చేయి పెట్టుకుని కూర్చునేవాడు, తాళం చెవి పట్టుకుని తిప్పబోయేవాడు, చేయి బదులు భుజం తిరిగేది. వస్తది, మెల్లగ వస్తది, అనేవాడు. ఒక పొద్దున కోర్టు దగ్గర బెంచీ మీద మోచేయి ఆనించి నన్ను పిలిచాడు.

"నువ్వు తిప్పు సుజాతా. మీ అందర్ల కలాయి ఉన్నదానివి నువ్వే."

నేను రెండు చేతులతో ఆయన ముంజేతిని పట్టుకున్నాను. నూనె రాసుకున్నాడేమో జారింది, చున్నీతో తుడిచి మళ్లీ పట్టుకున్నాను. మెల్లగా తిప్పాను. కదల్లేదు. గట్టిగా తిప్పు అన్నాడు. గట్టిగా తిప్పాను. లోపల ఏదో మొద్దులా అడ్డం ఉంది, బయటికి కనపడదు, చేతికి తెలుస్తుంది. ఆయన పళ్లు బిగించి ఇంకా తిప్పు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తిప్పుతూనే ఏడ్చాను. ఆ తిప్పుడు నాకు నేర్పింది ఆయన. అది ఇప్పుడు నా చేతిలో ఉంది, ఆయన చేతిలో లేదు, నేను తిరిగి ఇవ్వడానికి లేదు. చివరికి ఆయనే నా వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించి, "ఇడువు బిడ్డా, చాలు, నీ చేతులు నొస్తయి," అన్నాడు. నా చేతులట.

బాపు ఆయన్ను జగిత్యాల తీసుకుపోయాడు, నేనూ వెంటపడి పోయాను. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడు. ముంజేతిలో ఉండే రెండు బొక్కలు విరిగిన చోట దేనికది అతుక్కోలేదు, ఒకదానితో ఒకటి అతుక్కున్నాయి, నడుమ కొత్తగా ఎముక మొలిచి వంతెన కట్టింది. రెండూ ఒకదాని మీద ఒకటి తిరిగితేనే చేయి తిరుగుతుందట. మళ్లీ కోసి, విరగ్గొట్టి, లోపల స్టీలు పట్టీ వేయాలి, వేసినా తిరుగుతుందని మాట ఇవ్వలేనన్నాడు. బయటికి వచ్చి ఖిల్లా రోడ్డులో చాయ్ తాగాం. సార్ సాసరు ఎడమ చేత్తో పట్టుకుని, అందులో పోసుకోవడానికి కుడి చేత్తో కప్పు వంచబోయాడు. వంచడానికి కూడా ముంజేయి తిరగాలని నాకు అప్పటిదాకా తెలియదు. బాపు ఆ కప్పు తీసుకుని, మాట్లాడుతూనే, తనదే అన్నట్టు సాసరులో పోసి ఇచ్చాడు. ఆపరేషను సంగతి విని సార్ వాళ్ల అమ్మ సిరిసిల్ల నుంచి వచ్చి, మా వాకిట్లో కూర్చుని, మళ్లా నా కొడుకు చెయ్యి ఇరగ్గొడతరా, నేనే తప్పు జేసిన్నా, అని ఏడ్చింది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. సార్ అయితే అసలే ఎత్తలేదు.

ఏడాది తిరగకముందే ముస్తాబాద్ దిక్కు బడికి బదిలీ చేయించుకుని పోయాడు. అమ్మకు దగ్గర అన్నాడు. నా స్మాషు నాతో ఉండిపోయింది. దాని తర్వాత ఏం నేర్చుకోవాలో చెప్పేవాళ్లు లేక అక్కడే ఆగింది.

తెలంగాణ వచ్చింది. పటాకులు కాల్చారు, గులాలు చల్లుకున్నారు, నాయినమ్మ అప్పటికి లేదు. ఎవరెవరికో శాలువాలు కప్పారు, కప్పాల్సిందే, చాలామంది చాలా పోగొట్టుకున్నారు. ఖదీర్ సార్‌ను ఎవరూ కొట్టలేదు, ఆయన మీద కేసు లేదు, జైలు లేదు. షటిల్ ఆడుతుంటే పడ్డాడు, అంతే. సారు చెయ్యి ఏ లెక్కల్లకు రాదు బిడ్డా, అన్నాడు బాపు ఆ రోజు, గులాలు కడుక్కుంటూ. నాకు ఉద్యోగం ఆ తెలంగాణలోనే వచ్చింది, కొత్త జిల్లా కొత్త ఆఫీసులో. వద్దని ఎట్లా అంటాను. సంతోషపడ్డాను, నిజంగానే సంతోషపడ్డాను. ఆ సంతోషం పక్కన ఇంకోటి ఎప్పుడూ కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు కోరుట్లలో ఆ రోడ్డు నడుమ డివైడరు కట్టారు, పూలకుండీలు పెట్టారు. వల కట్టడానికి ఎటూ కుదరదు. బడి వెనక కోర్టు ఉన్న జాగాలో గదులు లేచాయి. కలాయి పూసేవాళ్లు రారు, ఇత్తడి గిన్నెలు అమ్మ ఎప్పుడో తూకానికి వేసింది. బీడీలు చుట్టే చాటలు కూడా తగ్గిపోయాయి. ఇండోర్ కోర్టులో పిల్లలు ఫోన్‌లో వీడియో నెమ్మదిగా తిప్పి చూసి ముంజేయి తిప్పడం నేర్చుకుంటున్నారు, చక్కగా నేర్చుకుంటున్నారు, వాళ్లు దానికి ఇంగ్లీషు పేరు పెట్టి పిలుస్తారు.

పోయిన రంజాన్ తర్వాత సిరిసిల్ల పోయి సార్‌ను చూసొచ్చాను. గడ్డం నెరిసింది. సార్ వాళ్ల అమ్మ పోయి రెండేళ్లయిందట. గల్లీలో మగ్గాలు సగం ఆగిపోయి ఉన్నాయి, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. షీర్ ఖుర్మా పెట్టాడు, బాపు మోకాళ్ల సంగతి అడిగాడు, ఇంకా ఆడుతున్నవా అని అడిగాడు, ఆడుతున్న సార్ అన్నాను. ఆఫీసులో పెద్ద పరీక్ష ఒకటి రాయబోతున్నానని చెబితే, ఆగు, నీ కోసం దువా చేస్త, అని రెండు చేతులూ ఎత్తాడు. ఎడమ అరచేయి ఆకాశం వైపు తెరుచుకుంది. కుడిది పక్కకే నిలబడింది, అందులో ఏమీ నిలవదు. ఆయన కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తున్నంత సేపూ నేను ఆ చేతిని చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన కళ్లు తెరిచేసరికి నేను చూస్తూ దొరికిపోయాను.

ఆయన కోప్పడలేదు. కొంచెం నవ్వాడు.

"గీ సగం దువానే ఉన్నది బిడ్డా నా దగ్గర. తీస్కో."

తల వంచి తీసుకున్నాను. ఇంకేం చేయగలను.